పేరుకి ఒక మార్కు

జనవరి 12, ఆదివారం, మార్కండి

ముగ్గురు ముసలమ్మలు, ముగ్గురికీ మార్కులు తక్కువే. పొద్దున్నుంచి ఎండలో తిరిగితే ఇదీ ఫలితం. మగవాళ్ళే నయం. పడవ నీడలో కూర్చుని చుట్ట కాలుస్తూనే టకటకా చెప్పేస్తున్నారు.

పరీక్షలో కష్టమేమీ లేదు. ఒక మనిషి పేరూ చిరునామా నేను చెప్తాను, వాళ్ళు తిరిగి చెప్పాలి. అలా మూడుసార్లు. తర్వాత బొమ్మలు చూపించి, చిన్న లెక్కలు అడిగి, ధ్యాస మళ్ళించి, అరగంట పోయాక అదే పేరూ చిరునామా మళ్ళీ అడగాలి. కొత్త సంగతిని మెదడు ఎంతసేపు పట్టి ఉంచుతుందో దాంతో తేలుతుంది. "లక్ష్ముడు, కొబ్బరికాయల సందు, గేట్ బజార్, బరంపురం." అడిగిన ప్రతిసారీ పేరుకి ఒక మార్కు, సందుకి ఒకటి, బజారుకి ఒకటి, ఊరికి ఒకటి.

డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చిన ఒడియా కాగితంలో వేరే పేరుండేది. మా ముసలివాళ్ళకి నోరు తిరగదని నేనే మార్చాను. మా ఊళ్ళో రాయి విసిరితే ఎవరో ఒక లక్ష్ముడికి తగులుతుంది. "ఊరి పిల్లవి కాబట్టి నీకు తట్టింది" అని సస్మిత మేడం మెచ్చుకున్నారు కూడా. నా థీసిస్‌కి గైడ్ ఆవిడే. అంత తొందరగా ఎవరినీ మెచ్చుకోరు.

కూర్మమ్మ పెద్దమ్మకి మాత్రం ఇంత తక్కువ వస్తుందనుకోలేదు. సందు చెప్పింది, బజారు చెప్పింది, ఊరు చెప్పింది. పేరు దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పేరేటి పెద్దమ్మా?" అంటే "నీకు తెల్దేటే? నువ్వే సెప్పినావు కదా" అంది. నాలుగుసార్లూ అదే తంతు. సున్నాలు పెట్టాను. మరుపు మొదలైనవాళ్ళు ఇలాగే నవ్వి తప్పించుకుంటారని క్లాసులో చెప్పారు.

జనవరి 13

బరంపురం బస్సు కోసం నిలబడితే ప్రకాష్ అన్న ఎదురయ్యాడు, కూర్మమ్మ పెద్దమ్మ కొడుకు. ఐసు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వస్తున్నాడు. "మాయమ్మకి పరీచ్చలెట్టినావంట? పాసయినాదేటి?" అని నవ్వుతూ అడిగాడు.

చెప్పకూడదు. ఎవరి మార్కులూ ఎవరికీ చెప్పనని మాటిచ్చి అందరిచేతా వేలిముద్రలు వేయించుకున్నదాన్ని నేనే. కానీ అన్న పరాయివాడా? రేపు ఏదైనా అయితే చూసుకోవలసినవాడు. "కొంచెం తక్కువొచ్చిందన్నా. మతిమరుపు మొదలైందేమో, ఓ కన్నేసి ఉంచండి" అన్నాను. అంతే. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత డాక్టరుతో మాట్లాడినట్టు మాట్లాడాడు నాతో. చిన్నప్పుడు జడ పట్టుకు లాగినవాడు! బస్సు ఛత్రపురం దాటేదాకా నాకు గర్వంగానే ఉంది. దాచుకోవడం ఎందుకు.

జనవరి 21

"ఏ కణ, శాంతీ!" అన్నారు మేడం, లెక్కలు చూసి. ఇదేమిటి అని కాదు, ఎంత బాగుంది అనే అర్థంలో. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ మధ్య అంత తేడా ఉంది. ఒకే ఊరు, ఒకే వయసు, ఇద్దరికీ బడి చదువు లేదు. మరి ఆడవాళ్ళే ఎందుకు మరిచిపోతున్నారు? రక్తం తక్కువా, నిద్ర తక్కువా, పొయ్యి పొగా అని మేడం బోర్డు మీద బాణాలు గీశారు. భువనేశ్వర్ సెమినార్‌కి పంపుదామన్నారు. డిగ్రీ పిల్లల పేపరు అక్కడికి వెళ్ళడం మా కాలేజీలో ఎవరూ ఎరగరట.

జనవరి 30

సెమినార్‌కి తీసుకున్నారు! నా పేరూ మార్కండి పేరూ అచ్చులో వస్తాయి.

అమ్మకి ఫోన్ చేశాను. "ఏటి, మన్నూరి ఆడోళ్ళకి బుర్ర నేదని అచ్చేత్తారేటి?" అంది. అలా కాదమ్మా అని మొదలుపెట్టేలోపు చార్జింగ్ అయిపోయిందని పెట్టేసింది. అమ్మ ఫోన్లో చార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో అమ్మకే తెలుసు.

ఫిబ్రవరి 2, మార్కండి

కూర్మమ్మ పెద్దమ్మ ఎండుచేపల అమ్మకం మానేసిందట. మానేయడం కాదు, మాన్పించారు. ఛత్రపురం మార్కెట్‌కి వెళ్ళే దారిలో రైలు గేటుంది, దారి తప్పితే ఎవరు దిక్కని ప్రకాష్ అన్న గంప తీసి మేడ మీద పడేశాడట. కోడలు పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. మనవడు పింటుని ఎత్తుకుంటే పక్కన ఎవరో ఒకరు కాపలా. నేను పుట్టకముందు నుంచీ నెత్తి మీద గంపతో తిరిగిన మనిషి.

"శాంతి సెప్పినాదంట అని ఈదంతా అంటన్నారు" అంది అమ్మ.

ముందు జాగ్రత్త మంచిదే కదా. అన్నకి తల్లి మీద ప్రేమ.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పలకరిస్తే ముఖం అటు తిప్పేసుకుంది. గుర్తుపట్టలేదేమో.

ఫిబ్రవరి 9, మార్కండి

పెరట్లో గిన్నెలు తోముతున్నాను. ఎదురింటి కుర్రాడు కొత్త మోటారు సైకిలు తెచ్చి మా గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. అమ్మ కేకేసింది: "ఒరే మావగోరి పేరోడా! బండి తియ్యరా, మడిసి నడవక్కర్నేదేటి!"

గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వాడి పేరు లక్ష్ముడు. ఊరంతా అలాగే పిలుస్తుంది. మా తాత పేరు కూడా అదే కాబట్టి అమ్మ మాత్రం పిలవదు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను ఈ కేక.

"అమ్మా, లక్ష్ముడు అను."

"సీ! నోర్ముయ్యి."

"ఒక్కసారే."

"గాలి సోకిందేటే నీకు? మావగోరి పేరు నోటితో ఎలాగంటాను?" అని తను అనకపోయినా లెంపలేసుకుంది.

మొగుడి పేరు, మామ పేరు, బావగారి పేరు. మా ఊళ్ళో ఆడది నోటితో అనదు. ఆ మనిషి పోయినా అనదు. కూర్మమ్మ పెద్దమ్మ భర్త ఎవరు? లక్ష్ముడు పెదనాన్న. పోయి నాలుగేళ్ళయింది. ఆయన పాడె వెనకాల మా నాన్న వెళ్ళాడు, నేను గుమ్మంలో నిలబడి చూశాను. పెద్దమ్మ ఆధార్ కార్డుకి భర్త పేరు రాసిపెట్టింది నేనే. అప్పుడు కూడా ఆ పేరు పూర్తిగా ఏమిటని పెద్దమ్మని అడగలేదు, అడగకూడదని తెలుసు కాబట్టి పక్కింటి తాతని అడిగాను. అంత తెలుసు నాకు! ఊరి పిల్లనట! నాకు తట్టిందట!

ఊరి పేరు కావాలని నేనే ఏరి ఏరి తెచ్చాను. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అనలేని పేరు. అది నాలుగేసిసార్లు అడిగి, సిగ్గుపడి నవ్విన ప్రతి ఒక్కరికీ సున్నా పెట్టాను. తలెత్తుకోలేకపోతున్నాను.

ఫిబ్రవరి 10

మేడంకి రేపు చెప్తాను.

ఫిబ్రవరి 11

మేడం మీటింగ్‌లో ఉన్నారు. టీ తాగుతున్నారు, కానీ మీటింగే. రేపు.

ఫిబ్రవరి 12

ఒక్క మార్కే కదా. థీసిస్ చివర 'పరిమితులు' అని ఒక చోటుంటుంది, అక్కడ ఒక వాక్యం రాస్తే చాలు. అందరూ అలాగే రాస్తారు. సెమినార్‌కి రైలు టికెట్ కూడా తీశారు.

అబద్ధం. ఒక మార్కు కాదు, నాలుగు. ఆ నాలుగూ కలిపితే మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ తేడాయే ఉండదు. మొన్ననే కలిపి చూశాను. ఇందులో రాయలేదు, అంతే. నా డైరీకే నేను అబద్ధం చెప్తే ఇక ఎవరికి నిజం చెప్తాను?

ఫిబ్రవరి 13

చెప్పేశాను.

మేడం లెక్కల కాగితం మళ్ళీ తిరగేసి చూశారు. తర్వాత కోపం వచ్చింది. "నా పేరు పెట్టి పంపించాను ఆ కాగితం" అన్నారు. ఆ నాలుగు మార్కులూ తీసేసి లెక్క వేయమన్నారు. కుదరదన్నాను. ఎవరు చెప్పలేకపోయారో, ఎవరు చెప్పకూడదని ఊరుకున్నారో నాకు తెలియదు, ఆ సిగ్గులో మిగతావి ఎంత ధ్యాసగా విన్నారో కూడా తెలియదు. వేరే పేరుతో, వేరే చిరునామాతో మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళాలి, మగవాళ్ళ దగ్గరికి కూడా.

"థీసిస్ మార్చి ఇరవైకి ఇవ్వాలి, తెలుసా?"

"తెలుసు మేడం."

"సెమినార్?"

"నా పేరు తీసేయండి."

"తేడా లేదని తేలితే నీ దగ్గర చెప్పడానికి ఏముంటుంది?"

"తేడా లేదని ఉంటుంది" అన్నాను. నాకంత నోరు ఎక్కడిదో! ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా అమ్మ కూడా అంతే. బ్యాంకులో మా నాన్న పేరు అడిగితే నా వైపు చూస్తుంది. నాకూ తోచలేదు చూడు" అన్నారు. వెళ్ళమన్నారు.

హాస్టల్‌కి వచ్చి బాగా ఏడ్చాను. ఏడుపయ్యాక ఆకలేసింది. రేపటి నుంచి సెలవు పెడుతున్నాను.

ఫిబ్రవరి 16, మార్కండి

ముందు ప్రకాష్ అన్న దగ్గరికి వెళ్ళాను. పరీక్ష తప్పన్నా, తప్పు నాదే, పెద్దమ్మని మార్కెట్‌కి వెళ్ళనివ్వు అన్నాను.

"ఆ రోజు మరుపన్నావు, ఇయ్యాల తప్పంటన్నావు. రేపేటంతావో! మాయమ్మ రోజూ రైలు గేటు దాటాల. నీకేటి, నువ్వు బరంపురం ఎల్లిపోతావు" అన్నాడు. అరవలేదు. కళ్ళలో నీళ్ళు. "మల్లీ పరీచ్చెట్టు. మార్కెంతో నాకు సెప్పు. అప్పుడు సూద్దాం." అంటే, ఒకసారి తప్పిన మాట మళ్ళీ తప్పమంటున్నాడు.

తర్వాత పెద్దమ్మ. ఈసారి ముఖం తిప్పుకోలేదు. నన్ను బాగానే గుర్తుపట్టింది, ఆ రోజు కూడా గుర్తుపట్టింది.

"పెల్లికూతుర్ని గడపకాడ ఆపేసి మొగుడి పేరు సెప్పమన్నట్టు అడిగినావు. మనింటి పిల్ల ఏలాకోలమాడతందనుకున్నాను. సిగ్గేసి నవ్వినాను. నవ్వితే పిచ్చిదాన్నని రాసుకున్నావు."

"పిచ్చి అనలేదు పెద్దమ్మా..."

"ఏదో ఒకటి అన్నావు కదా! అడిగింది నన్ను. సెప్పింది ఆడికి. ఇదేటి నాయమే? నా బుర్ర సంగతి ఊరంతటికీ తెలిసింది, నాకు తప్ప."

కాళ్ళు పట్టుకున్నాను. "లెగు లెగు, నాటకాలు" అంది. మళ్ళీ పరీక్ష పెడతానంటే మాత్రం లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఫిబ్రవరి 17

పేరు వెతకడమే పెద్ద పనైంది. అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. సూరన్న అంటే "అది మీ నాన్న పేరే, గాడిదా." కాసులు అంటే పై వీధిలో నలుగురి మామగారట. లోకనాథ్ అంటే సర్పంచి పెళ్ళాం అనదట. పోనీ ఆడపేరు పెడదామంటే అత్తగారి పేర్లు అడ్డం. అన్విత అంటే "అదేటి, మందు పేరేటి?" అంది.

చివరికి గౌరీశంకర్ దగ్గర ఆగాం. అమ్మ రెండుసార్లు పలికి చూసుకుంది, ఊళ్ళో ఇల్లిల్లూ తలుచుకుంది. "ఈ పేరోడు మన్నూర్లో నేడు. శివుడి పేరే కదా, ముసిలోళ్ళకీ నోరు తిరుగుతాది. రాసుకో" అంది. ఇది జనవరిలో చేయవలసిన పని. ఎవరినీ అడగలేదు, అన్నీ నాకు తెలుసనుకున్నాను.

ఫిబ్రవరి 20

మొదటి రోజే పోలీసులొచ్చినట్టు తలుపులేసుకున్నారు. "ఎల్లెల్లు, మా బుర్రలు బాగానే ఉన్నాయి." ప్రతి గుమ్మంలోనూ నిలబడి, తప్పు నాదే, మీది కాదు అని చెప్పాను. నాలుగో ఇంట్లో కూర్చోమన్నారు.

ఫిబ్రవరి 24

గొంతు పోయింది. పసుపు పాలు తాగి మళ్ళీ వెళ్ళాను.

మార్చి 3

మగవాళ్ళు విసుక్కుంటున్నారు, మళ్ళీ ఏంటని. "లక్ష్ముడేటైనాడు, సచ్చిపోనాడేటి?" అని ఒక తాత. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

మార్చి 8, మార్కండి

అందరూ అయిపోయారు. ఒక్క కూర్మమ్మ పెద్దమ్మ మిగిలింది. రోజూ పొద్దున్నా సాయంత్రమూ ఆ గుమ్మంలో నిలబడుతూనే ఉన్నాను. ఈ రోజు తలుపు తీసి, "సెప్తే ఎవలికి సెప్తావు?" అని అడిగింది.

"నీకు."

"ఆడడిగితే?"

"నిన్నే అడగమంటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

చాప వేసింది. కోడల్ని బయటికి పంపించింది. ప్రకాష్ అన్న గుమ్మం దాకా వచ్చి నిలబడితే, "నీ పరీచ్చప్పుడు నాను ఒచ్చి కూకున్నానేటిరా?" అని అతన్నీ పంపేసింది.

పెన్ను తీసి కాగితం మీద తేదీ వేశాను. నిజంగానే మరిచిపోతే? నవ్వడం నవ్వడమే, మరుపు కూడా మరుపే అయితే? అయినా అదే చెప్పాలి, ఆవిడకే చెప్పాలి. అలా అనుకున్నాకే అడిగాను.

మూడుసార్లు చెప్పించి, బొమ్మలు చూపించి, లెక్కలు అడిగి, అరగంట పోయాక మళ్ళీ అడిగాను. "గౌరీశంకర్" అంది, ఆలోచించకుండా. బజారు చెప్పింది. ఊరు చెప్పింది. వీధి మాత్రం తప్పు చెప్పింది. నేను రాసుకుంటుంటే, "తప్పా?" అని నా ముఖంలోకి చూసింది.

కూడి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అందరికీ వచ్చినట్టే వచ్చింది, ఒక వీధి పోయింది, నీ వయసు వాళ్ళకి చాలామందికి ఏదో ఒకటి పోయింది. నేను డాక్టర్ని కాదు, నాకు తెలిసింది ఇంతే, ఇంకా అనుమానం ఉంటే బరంపురం పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తాను అన్నాను.

"ఇది సెప్పడానికేటే ఇన్ని తిప్పలు!" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు కాగితాలు సర్దుకున్నాను.

వీధి మలుపులో ప్రకాష్ అన్న కాచుకుని ఉన్నాడు. "ఎంతొచ్చింది?"

"పెద్దమ్మని అడుగన్నా."

"నాకు సెప్తానన్నావు కదే!"

"నేను అనలేదు, నువ్వు చెప్పమన్నావు. ఒకసారి చెప్పినందుకే ఇంతయింది. ఇక చెప్పను."

"సదువుకున్నానని పొగరు" అని వెళ్ళిపోయాడు. అననీ.

మార్చి 11, బరంపురం

తేడా లేదు.

మేడం రెండుసార్లు లెక్క వేయించారు. రెండుసార్లూ లేదు. మార్కండి ఆడవాళ్ళు మార్కండి మగవాళ్ళంత గుర్తుపెట్టుకుంటారు, వాళ్ళంత మరిచిపోతారు. సెమినార్ నిన్న అయిపోయింది. నా చోట ఇంకెవరో మాట్లాడారు. బాధ లేదని రాద్దామనుకున్నాను, ఉంది. జనవరి లెక్కలూ మార్చి లెక్కలూ రెండూ పక్కపక్కనే పెట్టి, ఏం జరిగిందో మొదటి నుంచీ రాస్తున్నాను. చివర్లో ఒక వాక్యం కాదు, ఒక అధ్యాయం.

మార్చి 16, మార్కండి

పొద్దున్నే అమ్మ లేపింది. "ఒలే, కూర్మమ్మొదిన ఆటోకాడుంది. నిన్ను రమ్మంటంది."

గంపతో సహా కూర్చుని ఉంది. మేడ మీద నుంచి తనే దించుకుందట. ప్రకాష్ అన్న ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కొడుకుని తను తిట్టలేదు. మార్కెంతో కూడా చెప్పలేదు. "సెయ్యి తియ్యరా, నలుగుతాది" అని మాత్రం అంది. ఆయన తీశాడు. నేను ఎక్కాను. రైలు గేటు వేసి ఉంది. ఎప్పుడు తీస్తాడో, ఎవరి బండి ముందు పోవాలో ఆటోవాడికి పెద్దమ్మే చెప్పింది.

మార్కెట్‌లో తన చోటు ఇంకెవరో ఆక్రమించారు. పెద్దమ్మ వాళ్ళని లేపిన తీరు ఇక్కడ రాయను, అన్నీ బూతులే. గోనె పరిచి, ఎండుచేపల్లో నెత్తళ్ళు ఒక కుప్ప, సావిళ్ళు ఒక కుప్ప పోసింది. పాత బేరాలన్నీ వెతుక్కుంటూ వచ్చాయి. ఇన్నాళ్ళూ ఏమైపోయావు అంటే ఒడియా వాళ్ళకి ఒడియాలో, మనవాళ్ళకి తెలుగులో ఒకటే జవాబు: "ఇంట్లో ఖాళీగా కూకున్నాను, బుద్ధి నేక."

నా ఫోన్ మోగింది. ప్రకాష్ అన్న.

"శాంతీ, అమ్మ ఎలాగుంది? సరిగ్గా సేస్తందా?"

జవాబు నా నాలిక చివరే ఉంది. బాగుందన్నా, కంగారుపడకు అని. నిజమే, చెప్తే తప్పు కూడా కాదు. చెప్పలేదు. "పెద్దమ్మా, నీకే" అని ఫోన్ ఇచ్చాను.

"ఏట్రా? నానెలాగున్నానో నన్నడగాల... ఆఁ, బాగున్నాను. మద్దేనానికి ఒత్తాను, నాకు కూడా ఒండమను. ఫోనెట్టీ, బేరం మీదున్నాను." ఫోన్ నా ఒళ్ళో పడేసి, "ఒలప్పా, ఆ రేటుకి నీకు తలకాయలు కూడా రావు!" అని ఎవరిమీదో విరుచుకుపడింది.

తీసి చూస్తే లైను ఇంకా ఉంది. పెట్టేయడం ఆవిడకి తెలియదు. అవతల అన్న మాట్లాడటం లేదు, పెట్టేయడమూ లేదు. ఐసు ఫ్యాక్టరీ మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను కూడా పెట్టేయలేదు. ఫోన్ తీసి గంప అంచు మీద పెట్టాను, తల్లి బేరమాడుతుంటే ఆయనకి బాగా వినపడేలా.